వీడియోను ఎక్కడ ఆపాలి?

పదో తరగతి, జీవశాస్త్రం పీరియడ్. గోడకు బిగించిన ప్యానెల్ మీద సగం ఎర్రగా, సగం నీలంగా గుండె కొట్టుకుంటోంది. ఆరేడు నిమిషాల వీడియో. పిల్లలు రెప్ప వేయకుండా చూశారు. అయిపోయాక సార్ "అర్థమైందా?" అన్నారు. "అయింది సార్" అని తరగతంతా ఒకే గొంతుతో అంది. ఆయన అనుమతి తీసుకుని నేను నల్లబల్ల మీద నాలుగు గదుల బొమ్మ గీసి, కుడి జఠరికలోంచి బయలుదేరిన రక్తం ఎక్కడికి వెళ్తుందని అడిగాను. ఎక్కువమంది "ఒళ్లంతటికీ" అన్నారు. ఊపిరితిత్తుల మాట ఇద్దరు ముగ్గురికే తట్టింది. వీడియోలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. అందరూ చూశారు కూడా.

అదే మండలంలో మరో ఉన్నత పాఠశాల, అదే వీడియో. అక్కడి టీచర్ నలభై సెకన్లు నడిపి, కుడి జఠరిక ముడుచుకునే చోట ఆపేశారు. "ఈ రక్తాన్ని నీలంగా ఎందుకు చూపించారు? దీన్ని ఇలాగే కాళ్లకూ చేతులకూ పంపిస్తే ఏమవుతుంది?" అని అడిగి ఊరుకున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి, అందులో ఆక్సిజన్ లేదు కాబట్టి ముందు గాలి దొరికే చోటికి పోవాలంది. వెనక బెంచీ అబ్బాయి ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్య వాదన ముదిరాక ఆవిడ వీడియోను మళ్లీ నడిపించారు. ఈసారి పిల్లలు తమ మాట నెగ్గుతుందా లేదా అని వెతుక్కుంటూ చూశారు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో వీడియో నడిచింది మూడు నిమిషాలే.

ఆ ఇద్దరు ఉపాధ్యాయులకూ ఇచ్చిన ప్యానెల్ ఒకటే, ఇద్దరూ హాజరైన శిక్షణా ఒకటే. ఆ శిక్షణలో ప్యానెల్ ఆన్ చేయడం, లాగిన్ కావడం, పెన్ను రంగు మార్చడం, తెరను రెండు భాగాలు చేయడం చెప్పారు. వీడియోను ఎక్కడ ఆపాలో, ఆపి ఏమడగాలో చెప్పలేదు. రెండో బడి టీచర్‌కు అది సొంత ప్రయత్నంతో, పక్క ఊరి సహోద్యోగితో మాట్లాడుకుంటూ పట్టుబడింది. పట్టుబడని ఉపాధ్యాయుడిది తప్పని నేను అనను. నేర్పని దాన్ని అడిగే హక్కు మనకు లేదు.

ఈ లోటు ఇవాళ్టిది కాదు. అయితే, ఒకప్పుడు మనం ఇంతకంటే బాగా చేశాం. 1975 ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఏడాది నడిచిన 'సైట్' ప్రయోగం పాత తరం ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఆ ఉపగ్రహం ఒకే బొమ్మకు రెండు ధ్వనులు పంపగలిగేది. కాబట్టి అదే కార్యక్రమాన్ని తెలుగు ఊళ్లలో తెలుగులో, కన్నడ ఊళ్లలో కన్నడంలో విన్నారు.

టీవీ సంగతి చాలామంది చెప్పుకొన్నారు గానీ, అందులోనే ఉపాధ్యాయుల శిక్షణ ఒకటి ఉందన్నది మరుగున పడింది. ప్రాథమిక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్రం చెప్పే సుమారు 50 వేల మందికి, పన్నెండేసి రోజుల చొప్పున, రెండు విడతల్లో ఎన్‌సీఈఆర్‌టీ వారి విద్యా సాంకేతిక కేంద్రం రూపొందించిన శిక్షణ ఇచ్చారు. టీవీ కార్యక్రమం, రేడియో పాఠం, అచ్చు పుస్తకం, చేతులతో చేసే ప్రయోగాలు, పక్కనుండి సందేహాలు తీర్చే మనిషి, అన్నీ కలిపి ఒక్క మూట. టీవీలో చూసినదాన్ని అక్కడికక్కడ ఊళ్లో దొరికే వస్తువులతో చేసి చూడాలి. అంటే బహుళ మాధ్యమాలతో పాఠం ఎలా చెప్పాలో ఆ మాధ్యమాలతోనే నేర్పారు. ఉపాధ్యాయుడు తాను నేర్చుకున్న తీరులోనే పిల్లలకు నేర్పుతాడు. నాలుగు గంటల ఉపన్యాసంతో 'ఉపన్యాసం మానండి' అని చెబితే ఎవరికి ఎక్కుతుంది?

ఆ తర్వాతి కథ పరికరాల కథ. 1984లో 'క్లాస్' పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. ఇన్సాట్ పాఠాలు, వాటిని తయారు చేయడానికి హైదరాబాద్‌లోనూ మరో అయిదు రాష్ట్రాల్లోనూ విద్యా సాంకేతిక సంస్థలు వచ్చాయి. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. 'మన టీవీ' వచ్చింది, తెలంగాణలో అది టీ-శాట్ అయింది. అదే 2004 డిసెంబరులో కేంద్రం బడుల్లో సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత (ఐసీటీ) పథకం మొదలుపెట్టింది. ఆ పథకం మన దగ్గర అమలైన తీరు మీద కాస్త ఆగాలి. ఎందుకంటే ఇప్పటి చిక్కుకు బీజం అక్కడే పడింది.

ఉమ్మడి రాష్ట్రంలో వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు 'బూట్' పద్ధతిలో వచ్చాయి. ప్రైవేటు సంస్థ ల్యాబు పెట్టి, అయిదేళ్లు నడిపి, తర్వాత బడికి అప్పగించాలి. ల్యాబుతోపాటు ఆ సంస్థే ఒక బోధకుణ్ణి పెడుతుంది. వినడానికి సబబుగానే ఉంది. జరిగిందేమిటంటే కంప్యూటర్ ఒక విడి సబ్జెక్టు అయింది, దానికో విడి గది, విడి మనిషి, విడి పీరియడ్ ఏర్పడ్డాయి. గణితం సార్‌కు గానీ, సోషల్ మేడమ్‌కు గానీ ఆ గది గడప తొక్కే అవసరం రాలేదు. ఒప్పందం ముగిశాక బోధకులు ఇంటికి వెళ్లారు, చాలాచోట్ల ఆ గదికి తాళం పడింది. అయిదేళ్లలో ఒక్క సబ్జెక్టు టీచర్ చేతికైనా ఆ విద్య అంటకుండా పోవడం కంప్యూటర్లు పాడైపోవడం కంటే పెద్ద నష్టం.

కేరళ దాదాపు అదే కాలంలో వేరే దారి పట్టింది. 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి శిక్షణ ఇచ్చేవాళ్లు బడి ఉపాధ్యాయులే. డిప్యుటేషన్ మీద మాస్టర్ ట్రైనర్లుగా వచ్చినవాళ్లు. వాళ్లకు తరగతి గది తెలుసు, పీరియడ్ గంట తెలుసు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంతో లైసెన్సుల కోసం ఎవరి దయ మీదా ఆధారపడాల్సిన పని లేకపోయింది, అవసరానికి తగ్గట్టు మార్చుకునే వీలూ దొరికింది. 2017లో ఆ ప్రాజెక్టు 'కైట్' అనే సంస్థగా మారింది. 2018లో 8 నుంచి 12 తరగతుల వరకు 45 వేల తరగతి గదులను హైటెక్ గదులుగా మార్చడానికి పూనుకునేనాటికి, వాటిని వాడగల ఉపాధ్యాయులు పదిహేనేళ్లుగా తయారవుతూ ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో వరస తిరగబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ ట్యాబులు, మరుసటి ఏడాది నాడు-నేడు బడులకు వేల సంఖ్యలో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. తెలంగాణలో మన ఊరు-మన బడి కింద డిజిటల్ తరగతులు వచ్చాయి. ఇవన్నీ రావలసినవే. నేను చదువుకున్న రోజుల్లో మా బడిలో భూగోళం నమూనా కూడా ఉండేది కాదు, కాబట్టి ఆ ప్యానెల్‌ను తక్కువ చేసి మాట్లాడే మనసు నాకు లేదు. కానీ ముందు పరికరం దిగడం, తర్వాత దాన్ని సరఫరా చేసిన కంపెనీ మనిషి వచ్చి బటన్లు చూపించి వెళ్లడం శిక్షణ అనిపించుకోదు.

పరికరం ఇస్తే చదువు దానంతట అదే వస్తుందన్న ఆశను ప్రపంచం ఇప్పటికే పరీక్షించి చూసింది. పెరూ దేశం పల్లె బడుల పిల్లలకు లక్షలాది ల్యాప్‌టాప్‌లు పంచింది. అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో ఫలితాలు చూస్తే గణితంలోనూ భాషలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఆ మొదటి తరగతిలో "అయింది సార్" అన్న పిల్లలు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు నిజంగానే అర్థమైనట్టు అనిపించింది. దీన్ని సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ అనే పరిశోధకుడు 2008 నాటికి చక్కగా చూపించాడు. ఆయన తర్వాత 'వెరిటాసియం' అనే యూట్యూబ్ చానెల్‌తో పేరు తెచ్చుకున్నాడు. న్యూటన్ సూత్రాల మీద ఆయన రెండు రకాల వీడియోలు చేశాడు. ఒకదాంట్లో విషయాన్ని సూటిగా, స్పష్టంగా వివరించాడు. రెండోదాంట్లో విద్యార్థులకు సాధారణంగా ఉండే పొరపాటు అభిప్రాయాన్నే ముందు ఒక పాత్ర నోట పలికించి, దాన్ని చర్చించి విడదీశాడు. మొదటి వీడియో చూసినవాళ్లు చాలా స్పష్టంగా ఉందన్నారు, తమ జవాబుల మీద ధీమా పెంచుకున్నారు, కానీ మార్కులు దాదాపు కదల్లేదు. రెండోది చూసినవాళ్లు తికమకగా ఉందన్నారు, మార్కులు మాత్రం పెరిగాయి. కారణం తెలిసిందే. మనసులో ముందే ఒక బొమ్మ ఉన్నవాడు వీడియోలో కూడా తన బొమ్మనే చూసుకుంటాడు. ఆ పాత బొమ్మను కదిలించే పని వీడియో సాధారణంగా చేయదు. ఏ ఊరి పిల్లలు ఏ పొరపాటు పడతారో తెలిసిన ఉపాధ్యాయుడే చేయాలి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మనోవిజ్ఞాన ఆచార్యుడు రిచర్డ్ మేయర్ దశాబ్దాలుగా చేసిన ప్రయోగాలు మరికొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాయి. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తే పిల్లలకు బాగా పడుతుంది. అదే మాటలను తెర మీద వాక్యాలుగా కూడా పెట్టి చదివిస్తే, కన్ను బొమ్మకూ అక్షరాలకూ మధ్య నలిగి, నేర్చుకునేది తగ్గుతుంది. వెనక సంగీతం, అలంకారపు కార్టూన్లు ఆసక్తిని పెంచినట్టు కనిపించి ధ్యాసను చీలుస్తాయి. మన శిక్షణల్లో వేసే పవర్‌పాయింట్లను గుర్తు చేసుకోండి. పాఠ్యపుస్తకం పేరా మొత్తం తెర మీదికెక్కించి, దాన్నే పైకి చదవడం. ఒక పూటలో, రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టి, ఈ సంగతిని ఉపాధ్యాయుల చేతే కనిపెట్టించవచ్చు. దానికి డబ్బు అక్కర్లేదు.

శిక్షణ అంటే అన్ని సబ్జెక్టుల వాళ్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టడం కూడా మానాలి. ఉపాధ్యాయుడికి సబ్జెక్టు ఒక్కటే తెలిస్తే చాలదు, దాన్ని ఈ వయసు పిల్లలకు ఎలా చెప్పాలో తెలియాలని లీ షుల్మన్ 1986లో ఎత్తి చూపాడు. పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో దానికి సాంకేతికతను జోడించారు. ఈ మూడూ కలిసే చోటే నేర్పు ఉంటుందని వారి వాదన. మాటల్లో చెబితే సిద్ధాంతంలా ఉంటుంది గానీ, బడిలో చూస్తే మామూలు సంగతే. గణితం టీచర్‌కు కావలసింది జియోజీబ్రాలో త్రిభుజం మూలను పట్టి లాగుతూ, కోణాలు ఎంత మారినా మొత్తం 180 డిగ్రీల దగ్గరే ఎందుకు నిలుస్తోందని పిల్లల చేత అడిగించడం. భౌతికశాస్త్రం టీచర్‌కు, కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల 'ఫెట్' ప్రయోగాలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయని తెలియడం, వాటిని నీళ్ల గిన్నెలో నాణెం పెట్టి చూపే వక్రీభవన ప్రయోగానికి ముందు వాడాలా తర్వాతా అన్నది తేల్చుకోవడం. పదవీ విరమణకు రెండేళ్లున్న ఒక సార్ ప్యానెల్ ఆన్ చేయడానికి ప్రతిసారీ పిల్లల సాయం తీసుకునేవారు. కానీ ముందు నీళ్ల గిన్నె, తర్వాతే తెర అని ఆయనకు పట్టింపు. కంటితో చూసినదాన్ని కాంతి కిరణాలతో వివరించడానికే తెర కావాలనేవారు. వయసు మళ్లినవాళ్లకు ఇవి రావన్న మాట నేను అందుకే నమ్మను.

అన్నింటికంటే తెలుగు టీచర్లకు అన్యాయం జరుగుతోంది. డిజిటల్ శిక్షణ అనగానే సైన్సు, గణితమే అందరికీ గుర్తొస్తాయి. కానీ ధ్వని అవసరం తెలుగు పాఠానికి ఉన్నంతగా దేనికుంది? పద్యాన్ని కంటితో చదివితే యతి ప్రాసలు నియమాల పట్టికగా మిగిలిపోతాయి. రాగయుక్తంగా విని, తామే చదివి, ఆ చదివింది ఫోనులో రికార్డు చేసుకుని మళ్లీ విన్నప్పుడు పదం ఎక్కడ విరిగిందో పిల్లలకే తెలుస్తుంది. ఒత్తులు పలకని పిల్లవాడిని పది మందిలో దిద్దితే ముడుచుకుపోతాడు. తన గొంతు తానే విన్నప్పుడు తానే దిద్దుకుంటాడు. ఊళ్లో అమ్మమ్మ చెప్పే పొడుపు కథ, నాట్లప్పటి పాట, చెక్కభజన, బుర్రకథ చెప్పే పెద్దాయన మాట, వీటిని పిల్లలే రికార్డు చేసి తెస్తే అది ఏ కంపెనీ వీడియోకూ తీసిపోని పాఠ్యసామగ్రి. శ్రీకాకుళం మాటా, ఆదిలాబాద్ మాటా, రాయలసీమ మాటా తరగతి గదిలో గౌరవంగా వినిపించే దారి కూడా అదే. మల్టీమీడియా అంటే బయటి నుంచి దిగుమతి అయ్యేదని మనకెవరో నూరిపోశారు. పుల్లలు, గింజలు, చార్టులతో బోధన సామగ్రి తయారు చేసుకున్న చేతులే ఫోనుతో రెండు నిమిషాల పాఠమూ చేయగలవు.

భాష గురించి ఇంకో మాట. ఇప్పుడు పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్. దొరికే మంచి వీడియోల్లో ఎక్కువ ఇంగ్లిష్‌లో, అదీ మన పిల్లలకు అలవాటు లేని యాసలో ఉంటాయి. 1975 నాటి ఉపగ్రహం ఒకే బొమ్మకు రెండో గొంతు ఇచ్చింది. ఇవాళ ఆ రెండో గొంతు ఉపాధ్యాయుడే కావచ్చు. వీడియో ధ్వని ఆపేసి, బొమ్మ నడుస్తుండగా తానే తెలుగులో చెప్పడం, రెండోసారి ధ్వనితో వినిపించి ఇంగ్లిష్ మాటలు పట్టుకోమనడం. ఇది సాధన చేయాల్సిన నేర్పు. ఎక్కడా నేర్పడం లేదు.

మరి నేర్పే చోటు ఏది? 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలంది, అదీ తన ఆసక్తి ప్రకారం. 2019లో మొదలైన 'నిష్ఠ' ఉపాధ్యాయ శిక్షణ ఈ దిశలో పెద్ద ప్రయత్నమే. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి శిక్షణ జారుతూ ప్రతి మెట్టు మీదా పలచబడే పాత పద్ధతిని తప్పించాలన్నది దాని ఉద్దేశం. కరోనాతో అది 'దీక్ష' వేదిక మీద 18 ఆన్‌లైన్ కోర్సులైంది. కోట్ల మంది పిల్లల చదువుతో ముడిపడ్డ కోర్సులవి. నాకు తెలిసిన కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో వాటి క్విజ్ జవాబులు ముందే తిరిగాయి. టీచర్లకు నేర్చుకోవాలని లేక కాదు. సర్టిఫికెట్ ఎందరికి వచ్చిందన్న లెక్క పైవాళ్లు రోజూ అడుగుతుంటే, కింద పుట్టేది సర్టిఫికెటే. పైగా అదే ఫోనులో హాజరు పెట్టాలి, మధ్యాహ్న భోజనం వివరాలు పెట్టాలి, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలూ పెట్టాల్సి వచ్చింది. తెర అంటేనే విసుగొచ్చేలా చేసి, ఆ తెరతో పాఠం అందంగా చెప్పమంటే ఎలా?

తెలంగాణలో కొన్ని వందల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నడిచిన 'క్లిక్స్' అనుభవం మనకు పనికొస్తుంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి చేపట్టిన పని అది. అందులో ఉపాధ్యాయులకు సబ్జెక్టులవారీగా శిక్షణ ఇవ్వడంతోపాటు, బడికి తిరిగి వెళ్లాక ఏం జరిగిందో ఫోను గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు చేశారు. శిక్షణ హాల్లో మొదలై బడిలో కొనసాగింది. మన క్లస్టర్ సమావేశాలను దీనికి వాడుకోవచ్చు. సర్క్యులర్లు చదివి వినిపించే ఆ పూటలో, ఒకే సబ్జెక్టు వాళ్లు నలుగురు కూర్చుని వచ్చే నెల చెప్పే ఒక్క పాఠం తీసుకుని, దానికి ఒక్క వీడియో ఎంచి, ఎక్కడ ఆపాలో తేల్చుకుంటే చాలు. ఒకరు పాఠం చెబితే మిగిలినవాళ్లు వెనక కూర్చుని టీచర్‌ను కాకుండా పిల్లలను గమనించాలి.

కొత్తగా వచ్చేవాళ్ల సంగతి ఇంకా సులువు. 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, 20 వారాలు బడుల్లో గడపాలి, ఐసీటీ మీద ఒక కోర్సూ ఉంది. కానీ ఆ కోర్సు చాలా కళాశాలల్లో రికార్డు రాయడంతో సరిపోతోంది. సూక్ష్మ బోధనలో ప్రశ్నించడం, నల్లబల్ల వాడకం విడివిడి నైపుణ్యాలుగా అయిదారు నిమిషాల చొప్పున సాధన చేయిస్తారు కదా. వీడియోను ఆపి ప్రశ్న అడగడాన్ని అలాంటి ఒక నైపుణ్యంగా చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్‌లలో ఏళ్లుగా ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపకుండా ఇదంతా ఎవరు చేయిస్తారన్న ప్రశ్నకు మాత్రం ప్రభుత్వాలే జవాబు చెప్పాలి.

వచ్చే వేసవి శిక్షణల షెడ్యూలు, మాడ్యూళ్లు ఖరారయ్యే ముందు అధికారులు ఒక్కసారి ఆ రక్త ప్రసరణ టీచర్ దగ్గరున్న నోటుబుక్కు చూస్తే బాగుండును. అట్టకు వార్తాపత్రిక కాగితం చుట్టిన రెండు వందల పేజీల పుస్తకం. ఒక్కో వీడియోకు ఒక్కో పేజీ. ఎడమ పక్క నిమిషాలు, సెకన్లు, కుడి పక్క అడగాల్సిన ప్రశ్న, దాని కింద పిల్లలు ఏమన్నారన్నది. గుండె పాఠం పేజీలో ఒక చోట ఎర్ర ఇంకుతో కొట్టివేత ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఆవిడ రాసుకున్నారు: ఇక్కడ ఆపితే ఎవరూ మాట్లాడలేదు, జవాబు అప్పటికే తెర మీద కనబడిపోయింది, వచ్చే ఏడాది పది సెకన్లు ముందే ఆపాలి.